కార్తీకంలో ఒంటరిగా కాశీ వెళ్తున్నారా? ముందే ఇవి చూసుకోండి

కాశీలో ఒంటరిగా తిరగడానికి భయపడాల్సిన పనేమీ లేదు, పొద్దుపోయేదాకా జనం మెసిలే ఊరు అది. కాకపోతే కార్తీకంలో ఆ జనం బాగా పెరుగుతారు, "ఈ సంచి కాస్త పట్టుకో, ఇప్పుడే వస్తా" అని చెప్పడానికి పక్కన మనిషి ఉండరు. స్నానం దగ్గర, గుడి దగ్గర, పడవ దగ్గర, ఎక్కడైనా ఇబ్బంది ఇదే. ఆ రెండో మనిషి చేసే పనులన్నీ మీరు ముందే ఆలోచించి పెట్టుకోవాలి.

మొదట టికెట్ చూసుకోండి. సికింద్రాబాద్–దానాపూర్ ఎక్స్‌ప్రెస్ వారణాసి జంక్షన్‌కు వెళ్లదు, మొగల్‌సరాయ్‌లో దిగి గంగ దాటి రావాలి. టికెట్ మీద మాత్రం దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అని ఉంటుంది, 2018లో పేరు మార్చారు. బనారస్ అనేది ఇంకో స్టేషన్, పాత మండువాడీ. పెద్ద సూట్‌కేసు వద్దు, గొదౌలియా కూడలి దాటాక దశాశ్వమేధ ఘాట్ వైపు చాలావరకు నడకే.

ఇక విశ్వనాథుడి దర్శనం. ఒంటరిగా వెళ్లేవాళ్లు ఎక్కువ టెన్షన్ పడేది ఇక్కడే, ఎందుకంటే ఫోన్, బ్యాగు, స్మార్ట్ వాచ్ ఏవీ లోపలికి పోనివ్వరు. ఖరీదైనవి రూములోనే తాళం వేసి వచ్చేయండి. ఫోన్ తప్పదనుకుంటే లాకర్‌లో పెట్టి, తాళం చెవి మీ దగ్గరే ఉంచుకోండి. పూలకొట్లవాళ్లు లాకర్ ఉచితం అని పిలుస్తారు, తర్వాత పూజ సామాను ఎక్కువ ధరకు అంటగడతారు, రేటు ముందే అడగండి. ఏ గేటు నుంచి లోపలికి వెళ్లారో గుర్తుపెట్టుకోవాలి, జనంలో పడి వేరే వైపు బయటికొస్తే ఆ సందుల్లో మీ లాకర్ ఎక్కడుందో వెతుక్కోవడం కష్టం. ఫోన్ చేతిలో లేని ఆ రెండు మూడు గంటల కోసం, దిగిన చోటు అడ్రసు, ఇంటివాళ్ల నంబరు ఒక కాగితం మీద రాసి జేబులో ఉంచుకోండి. ఆధార్ కూడా. టికెట్లు కావాలంటే ఆలయం సొంత వెబ్‌సైట్‌లోనే తీసుకోండి, దారిలో "స్పెషల్ దర్శనం చేయిస్తా" అనేవాళ్ల వెంట వెళ్లకండి.

గల్లీల్లో మ్యాప్ సరిగ్గా పనిచేయదు. దారి తప్పితే గంగ ఎటో అడిగి ఘాట్‌కు దిగిపోండి, గోడల మీద ఘాట్ పేర్లు పెద్ద అక్షరాల్లో రాసుంటాయి, ఒడ్డు వెంబడి మీ ఘాట్ దాకా నడిచి రావచ్చు. ఎద్దు ఎదురొస్తే పక్కకు తప్పుకుని దారి ఇవ్వండి.

స్నానం విషయంలో మాత్రం మొహమాటపడకండి. వరద తీశాక మెట్ల మీద ఒండ్రు మిగులుతుంది, పాచికి కాలు జారుతుంది, రెండు మెట్లు దిగితే లోతు ఎంతుందో పైనుంచి తెలియదు. పక్కన నాలుగు కుటుంబాలు స్నానం చేస్తున్న చోటే దిగండి, గొలుసు ఉంటే పట్టుకుని మునగండి. కేదార్ ఘాట్ దగ్గర మన తెలుగువాళ్లు ఎవరో ఒకరు కనిపిస్తారు, "అమ్మా, కాస్త ఈ బట్టలు చూస్తుంటారా" అంటే కాదనరు. డబ్బు మాత్రం వాళ్లకు అప్పగించకండి, చిన్న వాటర్‌ప్రూఫ్ పర్సు మెడలో వేసుకోండి. పడవ ఎక్కే ముందు రేటు మనిషికా, పడవ మొత్తానికా అని తేల్చుకోండి, లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి.

శవదహనాలు జరిగే మణికర్ణిక ఘాట్ దగ్గర ఫొటోలు తీయొద్దు, అక్కడ దుఃఖంలో ఉన్న కుటుంబాలుంటాయి. కట్టెలకు దానం ఇమ్మని వెంటపడేవాళ్లతో వాదించకండి, ఆగకుండా నడవండి.

ఠండాయీ (చల్లటి మసాలా పాలు) తాగితే "భంగు వద్దు" అని, అంటే గంజాయి ఆకు ముద్ద కలపొద్దని గట్టిగా చెప్పి, కళ్లముందే కలిపించుకోండి. నలుగురిలో ఉంటే తల తిరిగినా ఎవరో పట్టుకుంటారు, ఒంటరిగా ఉన్నప్పుడు ఆ సరదా అస్సలు వద్దు. తెలియనివాళ్లు ఇచ్చే ప్రసాదం కూడా అంతే.

పౌర్ణమినాడు ఘాట్లన్నీ దీపాలతో నింపే దేవ్ దీపావళి. చూడాల్సిందే, కానీ మధ్యాహ్నమే చోటు చూసుకుని, బయటికి పోయే మెట్లు దగ్గరగా ఉండేలా నిలబడండి. హారతి అయిన వెంటనే అందరితో పాటు కదలకండి, అరగంట అక్కడే కూర్చోండి. తోపులాట మొదలైతే ఎదురు వెళ్లొద్దు, చేతులు గుండెకు అడ్డంగా పెట్టుకుని మెల్లగా పక్కకు జరగండి. ఆపదలో 112. మర్నాడే రైలుంటే, ముఖ్యంగా మొగల్‌సరాయ్ నుంచైతే, మూడు గంటల ముందే రూము ఖాళీ చేయండి, ఆ ట్రాఫిక్‌లో ఆటో ఎప్పుడు కదులుతుందో చెప్పలేం.