గురుడి పట్టీలు ఫోటోలో పడాలంటే

టెలిస్కోపు ఉన్నా గురుగ్రహం మీది మేఘాల పట్టీలను ఒక్క క్లిక్‌తో పట్టలేం. వీడియో తీసి, గాలి నిలకడగా ఉన్న క్షణాల ఫ్రేములను ఏరి కలపాలి. ఏ కెమెరాకైనా ఇదే పద్ధతి.

ఫోన్‌ని చేత్తో పట్టుకోకండి, టెలిస్కోపులో కన్ను పెట్టి చూసే ఐపీస్‌కి బిగించే అడాప్టర్ కొనండి. గురుడు తెల్లటి ముద్దలా కనిపిస్తే ఫోకస్ లాక్ చేసి, పట్టీలు తేలేదాకా ఎక్స్‌పోజర్ తగ్గించండి. డీఎస్ఎల్ఆర్ అయితే లెన్స్ తీసేసి, కెమెరాను టెలిస్కోపుకి తగిలించే టీ-రింగ్, బొమ్మను పెద్దది చేసే బార్లో కటకం పెట్టి వీడియో తీయాలి.

నా ఓటు మాత్రం చిన్న సెన్సర్ ఉన్న ప్లానెటరీ కెమెరాకే. ఎఫ్ సంఖ్య (ఫోకల్ దూరాన్ని అద్దం వ్యాసంతో భాగిస్తే వచ్చేది) మైక్రాన్లలో పిక్సెల్ సైజుకి సుమారు 5 రెట్లుండాలి. నా కెమెరా పిక్సెల్ 2.9 మైక్రాన్లు, అంటే ఎఫ్/15 కావాలి. నా 8 అంగుళాల డాబ్సోనియన్ (అద్దంతో పనిచేసే టెలిస్కోపు) ఎఫ్/6, కాబట్టి 2.5 రెట్ల బార్లో చక్కగా సరిపోయింది. గురుడు 10 గంటల లోపే తన చుట్టూ తాను తిరిగేస్తాడు. అందుకే వీడియో రెండు మూడు నిమిషాలు దాటితే వివరాలు చెదిరిపోతాయి. తర్వాత కంప్యూటర్లో ఆటోస్టాకర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో మంచి ఫ్రేములు కలిపి, రెజిస్టాక్స్‌లో పదును పెడతాను.

పగలంతా ఎండకి కాలిన డాబా రాత్రి కూడా వేడి వదులుతూనే ఉంటుంది, బొమ్మ వణుకుతుంది. వీలైతే గడ్డి నేల చూసుకోండి. టెలిస్కోపును గంట ముందే బయట పెట్టి అద్దం చల్లబడనివ్వండి.