జీడిపిక్కలేరే రోజుల్లో ఎలుగు: తోటలోకి అడుగు పెట్టే ముందు

మార్చి నుంచి మే నెలాఖరు దాకా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో తెల్లవారకముందే జనం తోటల్లో ఉంటారు. రాత్రి రాలిన పిక్కలను ఇంకొకరు ఎత్తుకుపోకముందే ఏరుకోవాలి, ఎండ ముదరకముందే ఇల్లు చేరాలి. రాత్రంతా తిరిగిన ఎలుగు పొదలోకి మళ్లేదీ ఆ వేళకే. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఈ రెండు దారులూ ఒకే చెట్టు కింద కలుస్తాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర తోటలో ఎలుగు దాడికి ఒకరు చనిపోయారు. ఆ మర్నాడే మరికొందరు గాయపడ్డారు. మత్తు ఇచ్చి పట్టుకున్న ఎలుగు కూడా బతకలేదు.

ఎలుగు మనిషిని తినడానికి రాదు. దాని తిండి చెదలు, చీమలు, తేనె, పళ్లు. పై దవడలో ముందు పళ్లు రెండు ఉండవు. ఆ సందులోంచే పుట్టలోని చెదల్ని పీల్చుకుంటుంది. మరి మీద ఎందుకు పడుతుందంటే, ఉలిక్కిపడి. దానికి వాసన పట్టే శక్తి ఎక్కువ, చూపూ వినికిడీ అంతంతమాత్రం. పైగా పుట్ట తవ్వి ఊదుతూ పీలుస్తూ ఉన్నప్పుడు అది చేసే చప్పుడే దాని చెవులను నింపేస్తుంది. పది అడుగుల్లోకి వచ్చేదాకా మీరు వచ్చారని దానికి తెలియదు. తెలిసిన క్షణంలో పారిపోదు, ఎదురు తిరుగుతుంది. పులులు తిరిగే అడవుల్లో బతికిన జాతి అది. చెట్టెక్కినా, పరుగెత్తినా పులి వదలదు కాబట్టి మీదపడి తరమడమే దానికి అలవాటైంది.

కాబట్టి చేయాల్సిన పనులన్నీ రెండింటిలోకే వస్తాయి. మీరు వస్తున్నట్టు దానికి ముందే తెలియాలి. మీ ఇంటి చుట్టూ, దారి పక్కన దానికి తిండి దొరక్కూడదు.

పిక్కలు రాలకముందే తోటలో చేయాల్సినవి

జీడిచెట్టు కొమ్మలు నేలను తాకేలా వాలతాయి. బయటి నుంచి చూస్తే గొడుగు, లోపల చీకటి గది. కాలిబాటకు రెండు పక్కలా ఉన్న చెట్లకు కింది కొమ్మల్ని నడుం ఎత్తు వరకు కొట్టేయండి. తోటంతా చేయలేకపోయినా దారి పక్కన, మలుపుల దగ్గర, బావి దగ్గర మాత్రం చేయాల్సిందే. వంగి చూస్తే నాలుగైదు చెట్ల అవతల దాకా నేల కనపడాలి.

చెట్టు కింద ఎండాకును పిక్కలు రాలకముందే ఊడ్చేయండి. దీనివల్ల మూడు లాభాలు. పిక్క త్వరగా కంటపడుతుంది కాబట్టి తోటలో ఉండే సమయం తగ్గుతుంది. ఆకు కింద చెద చేరదు. రక్తపింజర దాక్కోవడానికి చోటుండదు. నిజానికి పిక్కలేరే చేతికి ఎలుగు కన్నా రక్తపింజర ముప్పే దగ్గర. ఊడ్వని చోట ముందు కర్రతో ఆకు కదిపి, తర్వాతే చెయ్యి పెట్టాలి.

తోటలో పుట్టలెక్కడున్నాయో, పొదలెక్కడ దట్టంగా ఉన్నాయో పగటిపూట ఒకసారి తిరిగి గుర్తుపెట్టుకోండి. కొత్తగా తవ్విన పుట్ట, పక్కకు విసిరేసినట్టున్న తడి మట్టి, పనస మొద్దు మీద నిలువు గీతలు, పిక్కలూ గింజలూ కలిసిన పేడలాంటి కుప్ప ఎలుగు తిరిగిన గుర్తులు. ఇసుక నేలలో అడుగులు బాగా పడతాయి. ముందు పాదానికి అయిదు వేళ్లు దాదాపు ఒకే వరుసలో ఉంటాయి, వాటికి చాలా ముందు గోళ్ల గుంటలు కనపడతాయి. వెనక పాదం మనిషి అడుగులాగే ఉంటుంది. చాలామంది ఇక్కడే పొరబడి ఎవరో చెప్పుల్లేకుండా వెళ్లారనుకుంటారు. గుర్తులు తాజాగా ఉంటే ఆ పూట ఆ వైపు పని మానేసి ఊళ్లో చెప్పండి.

తోటకు వెళ్లేటప్పుడు

తెల్లగా వెలుతురు వచ్చాకే వెళ్లండి. గంట ఆలస్యమైతే పిక్కలు పోతాయన్న భయం నిజమే. అందుకే ఇది ఒక్కరు పాటించే నియమం కాదు. పక్కపక్క తోటలవాళ్లు కూర్చుని, సూర్యుడు పొడిచేదాకా ఎవరూ దిగకూడదని మాట అనుకోవాలి. సాయంత్రం సూర్యాస్తమయానికి ముందే తోట ఖాళీ కావాలి.

ఒంటరిగా వద్దు. ఇద్దరు వెళ్లి చెరో మూలకు పోతే ఇద్దరు వెళ్లినట్టు కాదు, మాట వినపడే దూరంలో ఉండాలి. మౌనంగా నడవొద్దు. మామూలు గొంతుతో మాట్లాడుకుంటూ, మలుపు దగ్గర, గుబురు చెట్టు కింద దూరబోయే ముందు ఆగి చప్పట్లు కొట్టి, రెండు క్షణాలు వినండి. చేతికర్రకు గజ్జెలు కట్టుకోవడం మంచి పద్ధతి, నోరు అలసినా అది మోగుతూనే ఉంటుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. ఎలుగు పీల్చే చప్పుడు వంద గజాల నుంచి కూడా వినపడుతుంది, వినే చెవి ఖాళీగా ఉంటే.

గాలి సంగతి చాలామంది పట్టించుకోరు. సముద్రం పక్క ఊళ్లలో తెల్లవారుజామున గాలి ఎక్కువగా నేల మీద నుంచి సముద్రం వైపు, అంటే పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది. ఆ వేళ మీరు తూర్పు గట్టు నుంచి తోటలోకి దిగితే మీ వాసన మీ వెనక్కే పోతుంది, లోపల ఎలుగుంటే దానికి అందదు. వీలైతే గాలి వీపుకు తగిలేలా దిగండి. వీలుకాకపోతే చప్పుడు రెట్టింపు చేయండి.

కుక్కను వెంట తీసుకెళ్లడం ధైర్యమనుకుంటారు. కుక్క ఎలుగును రెచ్చగొట్టి, అది తిరగబడగానే యజమాని కాళ్ల దగ్గరికే పరుగెత్తుకొస్తుంది. ఎలుగు దాని వెనకాలే వస్తుంది.

బహిర్భూమికి చీకట్లో తోటలోకి వెళ్లే అలవాటు మానుకోండి. కూర్చున్న మనిషి ఎలుగుకు కనపడడు, మనిషికీ ఎలుగు కనపడదు. తప్పనిసరైతే టార్చి, తోడు ఉండాలి.

ఇంటి చుట్టూ

పనసపండు వాసన రాత్రి గాలికి ఎంత దూరం పోతుందో చెప్పలేం. ఇంటి దగ్గరి చెట్టు కాయల్ని ముదిరిన వెంటనే, తట్టితే బోలుగా మోగినప్పుడే దించేసి లోపల పండబెట్టుకోండి. మొదలు దగ్గర కాసినవి ముందు దించాలి, అయితే పై కాయలున్నాయి కదా అని ధీమా పడొద్దు, ఎలుగు చెట్టెక్కుతుంది. పండు కోశాక తొక్కలు, పీచు, గింజలు పెరట్లో పడేస్తే దించిన శ్రమంతా వృథా.

పిక్క తీసేసిన జీడిపండ్లను గట్టు మీద కుప్ప పోయడం ఇక్కడ అందరూ చేసే తప్పు. ఒకటి రెండు రోజుల్లో పులిసి, ఆ వాసన ఎలుగును పిలుస్తుంది. గోతిలో పూడ్చినా మోకాటి లోతైతే లాభం లేదు, గట్టి పుట్టల్ని తవ్వే గోళ్లకు వదులు మట్టి ఎంత? దారికి, ఇళ్లకు దూరంగా, బాగా ఎండ తగిలే చోట పలచగా పరిచి ఎండనివ్వడం మేలు.

ఊరి చివర గుడి ఉంటే పూజారికి కూడా చెప్పాలి. దీపం నూనె, కొబ్బరి చిప్పలు, ప్రసాదం కోసం రాత్రి గుళ్లోకి ఎలుగులు రావడం ఉద్దానంలోనే కాదు, అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు కూడా ఉన్నదే. రాత్రి నూనె డబ్బా బయట ఉంచకండి, తలుపు గొళ్లెం వేయండి, మిగిలిన కొబ్బరి ముక్కలు తీసేయండి. తేనెపట్టు ఇంటి చూరుకు పట్టినా ఇదే లెక్క.

ఎదురైతే

దూరంగా, అంటే యాభై గజాలకు పైగా కనపడి, అది మిమ్మల్ని చూడకపోతే మాట్లాడకుండా వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. వీడియో తీయడానికి ఆగొద్దు. వెనక కాళ్ల మీద లేచి నిలబడితే దాడికి సిద్ధమైందని కాదు, ఏమిటోనని వాసన చూస్తోంది. అది మిమ్మల్ని చూసేసిందనిపిస్తే కదలకుండా నిలబడి, మెల్లని గొంతుతో మాట్లాడుతూ, వీపు చూపకుండా ఒక్కో అడుగు వెనక్కి వేయండి. రాళ్లు రువ్వొద్దు. పిల్ల కనపడితే మరీ జాగ్రత్త. చలికాలంలో పుట్టిన పిల్లలు ఈ పిక్కల కాలానికి తల్లి వీపెక్కి తిరుగుతుంటాయి. పిల్ల ఒక్కటే కనపడినా తల్లి పక్కనే ఉందని అనుకోవాలి, మీరు ఆ రెండింటి మధ్యలో ఉండకూడదు.

గుర్రుమంటూ దూసుకొస్తే పరుగు పనికిరాదు, దాని వేగం మనిషికి మించింది. చెట్టెక్కినా పనికిరాదు. రెండు అడుగుల్లో పంపుసెట్టు గదో, ఆటోనో ఉంటే దూరండి. లేకపోతే కర్ర అడ్డంగా ముందుకు చాపి గట్టిగా అరవండి, కొన్నిసార్లు దగ్గరిదాకా వచ్చి పక్కకు తిరిగిపోతుంది. మీద పడటం ఖాయమైన క్షణంలో బోర్లా పడిపోండి. ముఖం నేలకు ఆనించి, రెండు చేతుల వేళ్లు మెడ వెనక బిగించి, మోచేతులు చెంపలకు అదిమి, మిమ్మల్ని తిప్పేయకుండా కాళ్లు ఎడంగా చాపండి. ఎలుగు గోళ్లు మూడు అంగుళాల దాకా ఉంటాయి, అవి వెతికేది ముఖాన్నీ తలనీ. వీపు మీది గాయం మానుతుంది, కన్ను పోతే రాదు. తలపాగాలా చుట్టుకున్న మందపాటి తువ్వాలు, తలమీద బోర్లించుకున్న గంప కూడా కొంత కాస్తాయి. అది వదిలేసినా వెంటనే లేవొద్దు. కదిలితే మళ్లీ తిరుగుతుంది. చప్పుడు పూర్తిగా ఆగాక, తల కొంచెమే తిప్పి చూసి లేవండి.

తోడున్నవాళ్లు దూరం నుంచే అందరూ కలిసి అరవాలి, డబ్బాలు మోగించాలి. కానీ చుట్టూ చేరొద్దు. ఊళ్లోకి వచ్చిన ఎలుగును కూడా అంతే: ఒకవైపు దారి ఖాళీగా వదలాలి. వందమంది కేకలు వేస్తూ చుట్టుముట్టి, టపాకాయలు కాల్చి మూలకు నెడితే దానికి మిగిలేది మనుషుల మీదుగా పోయే దారే. పిల్లల్ని ఇళ్లలో ఉంచి, అటవీశాఖ బీటు అధికారికి, 112కు ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా దూరం నుంచి కనిపెట్టి ఉండటమే ఊరు చేయగలిగిన పని. బీటు అధికారి నంబరు పిక్కల కాలానికి ముందే ఫోన్‌లో వేసుకోండి.

ఈ పద్ధతి అన్నిటికీ కాదు

చిరుతకు ఇదంతా తలకిందులు. 2023లో తిరుమల నడకదారిలో చిరుత చిన్నారుల మీదే పడింది. ఆగస్టులో ఒక పాప చనిపోయాక పదిహేనేళ్ల లోపు పిల్లలకు మధ్యాహ్నం రెండు తర్వాత నడకదారిలో ప్రవేశం ఆపేశారు. చిరుత ముందు బోర్లా పడుకోవడం, వంగడం ప్రమాదం. వెంట ఉన్న చిన్నారిని ఎత్తుకుని, చేతులు పైకెత్తి పెద్దగా కనపడుతూ, దాన్నే చూస్తూ అరవాలి. పార్వతీపురం మన్యం వైపు ఏనుగుల గుంపు ఉందని తెలిస్తే టార్చి కొట్టడం, దగ్గరికి వెళ్లి ఫొటో తీయడం మానేసి ఆ దారే మార్చుకోండి. అడవిపంది కోసం కంచెకు కరెంటు పెట్టడం మాత్రం జాగ్రత్త కాదు, నేరం. ఆ తీగకు పందుల కన్నా ముందు పక్క పొలం రైతులు బలైపోతున్నారు.

గాయమైతే

తల నుంచి రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ మడిచి గట్టిగా అదిమి పట్టండి, చూద్దామని మాటిమాటికీ తీయకండి. నెత్తి చర్మం ఊడి వేలాడుతుంటే కత్తిరించొద్దు, ఉన్నచోటికే సర్ది పైన గుడ్డ కట్టండి. కంటిగుడ్డు మీద ఒత్తిడి వద్దు. ముఖం చితికి నోట్లో రక్తం చేరుతుంటే వెల్లకిలా పడుకోబెట్టకండి, పక్కకు తిప్పండి, లేకపోతే ఊపిరాడదు. పసుపు, కాఫీపొడి, పసర్లు వేయొద్దు. 108కి చెప్పేటప్పుడు తలకు, ముఖానికి గాయమని స్పష్టంగా చెప్పండి.

రక్తస్రావం అదుపులో ఉన్న చిన్న గాయాలను పారే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. అడవి జంతువు కరిచినా, గోళ్లతో చీరినా రక్తం వచ్చిందంటే రేబిస్ లెక్కలో అది మూడో తరగతి, అంటే అన్నిటికన్నా ప్రమాదకరమైన గాయం. టీకా ఒక్కటే చాలదు, గాయంలోకి ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేసేలోగా రేబిస్‌ను అడ్డుకునే మందు) కూడా వేయాలి, ధనుర్వాతం సూది వేరు. కుట్లతో, కట్లతో బయటపడ్డాక ఈ సంగతి అందరూ మరిచిపోతారు, ఆస్పత్రిలో మీరే అడగండి. మొదటి టీకా వేసిన రోజును సున్నాగా లెక్కపెట్టి, చర్మంలోకైతే ఆ రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు వేస్తారు. కండలోకైతే పద్నాలుగో రోజున మరొకటి ఉంటుంది.

పరిహారం కోసం దాడి జరిగిన రోజే అటవీ రేంజ్ కార్యాలయానికి కబురు పంపండి. వాళ్లు వచ్చి చూసేదాకా తోటలో అడుగుల గుర్తులు తొక్కకుండా, నాలుగు పుల్లలు పాతి తాడు కట్టి ఉంచండి. డాక్టరు రాసిన గాయాల చీటీ, ఆస్పత్రి బిల్లులు, ఆధార్, బ్యాంకు పుస్తకం నకళ్లు దరఖాస్తుతో కలిపి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.