కెర్నల్ మారాక సిస్టం ఈడుస్తోందా? 4వ పాఠం: అటక, నిచ్చెన

పోయిన పాఠం చివర "స్వాప్ ఎంత వాడుతోందో చూడండి" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. స్వాప్ అంటే ర్యామ్ చాలనప్పుడు లినక్స్ కెర్నల్ (సిస్టం మొత్తాన్ని నడిపే మూల ప్రోగ్రాం) వాడని మెమరీ ముక్కల్ని, అంటే పేజీల్ని, దాచే చోటు; ఇంట్లో అటక లాంటిది. దాని ఫలితం వారం రోజులుగా అనుభవిస్తున్నాను. గుణుపూర్ మాస్టారు స్వాప్‌లో 900 ఎంబీ కనబడగానే కంగారుపడి, స్వాప్‌ని ఆపేసే స్వాప్‌ఆఫ్ కమాండ్ కొట్టేశారు. ఉన్నది 4 జీబీ ర్యామ్, బ్రౌజర్లో పాతిక ట్యాబులు. అటక మీది సామానంతా ఒక్కసారి నట్టింట్లో పడింది. మౌస్ బిగుసుకుపోయింది, చివరికి కెర్నలే ఆయన బ్రౌజర్ని చంపేసింది. రాయగడ తమ్ముడు అయిదు నిమిషాలకోసారి డ్రాప్ కాషెస్ (కెర్నల్ ర్యామ్‌లో దాచుకున్న డిస్కు సమాచారాన్ని పారబోసేది) నడిచేలా క్రాన్‌లో (పనుల్ని వేళకి నడిపే ప్రోగ్రాం) పెట్టాడు. అది తీసెయ్ నాయనా. కెర్నల్ డిస్కు నుంచి తెచ్చి దాచుకున్నది నువ్వు పారబోస్తే, అది మళ్లీ ఆ డిస్కు దగ్గరికే పోవాలి.

సిస్టం ఆన్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకోవడం మీకు వచ్చు, వదిలేస్తున్నాను. ర్యామ్ లెక్క చూపే ఫ్రీ కమాండ్‌లో "ఫ్రీ" గడి చూడకండి, "అవైలబుల్" (కొత్త పనులకి దొరికే ర్యామ్) గడి చూడండి. అంతే.

ఇక నాకు చిరాకు తెప్పించే సంగతి. స్వాప్ నిండి ఉండటం జబ్బు కాదు. అటక మీద సంక్రాంతి గిన్నెలుంటే ఇంటికేం నష్టం? పొద్దున తెరిచి మరిచిపోయిన పీడీఎఫ్ తాలూకు పేజీలు స్వాప్‌లోకి పోతాయి, మళ్లీ ముట్టుకునేదాకా అక్కడే పడుంటాయి. రాత్రికి ర్యామ్ సగం ఖాళీ అయినా "స్వాప్ యూజ్డ్" 900 అనే చూపిస్తుంది. నిమిషానికి పదిసార్లు నిచ్చెన ఎక్కి దిగుతుంటేనే ఇబ్బంది. ఆ ఎక్కడం దిగడం చూడాలంటే "వీఎంస్టాట్ 1" కొట్టండి, సెకనుకో వరుస వస్తుంది. ఎస్ఐ అంటే స్వాప్ నుంచి ర్యామ్‌లోకి, ఎస్ఓ అంటే ర్యామ్ నుంచి స్వాప్‌లోకి, సెకనుకి ఎంత పోతోందన్న లెక్క. మొదటి వరుస మాత్రం చదవకండి. అది సిస్టం ఆన్ చేసినప్పటి నుంచి సగటు. మీరు పంపిన స్క్రీన్ ఫొటోల్లో సగం ఆ ఒక్క వరుసవే! రెండో వరుస నుంచి కనీసం అరవై వరుసలు చూడండి. రెండూ సున్నాలే వస్తుంటే మీ నెమ్మదికి కారణం స్వాప్ కాదు, ఇంకెక్కడైనా వెతకండి.

ఇంత చెప్పిన నేనే పర్లాకిమిడిలో మా డీటీపీ షాపులో బోల్తా పడ్డాను. పెళ్లికార్డుల సీజను, ఒకవైపు ఒడియా, ఒకవైపు తెలుగు. కెర్నల్ 5.15 నుంచి 6.8కి మారింది. కార్డు ఫైలు నుంచి బ్రౌజర్‌కి మారితే హార్డ్‌డిస్కు లైటు ఆరకుండా వెలుగుతోంది. పాత కెర్నల్‌తో బూట్ చేసి అదే పని చేశాను. విచిత్రం, ఎస్ఐ, ఎస్ఓ అందులోనూ వేలల్లోనే కదిలాయి. తేడా చివరివైపు ఉన్న డబ్ల్యూఏ గడిలో దొరికింది. పాతదాంట్లో 2 శాతం, కొత్తదాంట్లో 60. అంటే కొత్తదాంట్లో ప్రాసెసర్ డిస్కు కోసం కాచుకుని కూర్చుంటోంది. స్వాప్ ఎక్కడెక్కడ ఉందో చూపే "స్వాప్‌ఆన్ షో" కొడితే గుట్టు తెలిసింది: జీరామ్ లేదు. స్వాప్‌లోకి పోయే పేజీల్ని ర్యామ్‌లోనే కుదించి దాచే ఆ మాడ్యూల్ (కెర్నల్‌కి తగిలించుకునే ముక్క), మా సిస్టంలో ఎక్స్‌ట్రా మాడ్యూళ్ల ప్యాకేజీలో ఉంటుంది. కొత్త కెర్నల్‌కి ఆ ప్యాకేజీ దిగలేదు. అదే అటక, నిచ్చెన మాత్రం హార్డ్‌డిస్కు దాకా పెరిగింది. ప్యాకేజీ వేశాను, లైటు ఆరింది. కెర్నల్ని తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను.

స్వాపీనెస్ (కెర్నల్ స్వాప్ వైపు ఎంత మొగ్గాలో చెప్పే అంకె) గురించి అడుగుతున్నారు. మామూలు విలువ 60. 5.8 కెర్నల్ నుంచి 200 దాకా పెట్టొచ్చు. జీరామ్ ఉన్నచోట నేను 150 పెడతాను, అది నా అలవాటు. హార్డ్‌డిస్కు మీద స్వాప్ ఉంటే 60 ముట్టుకోను. 6.1లో వచ్చిన మల్టీజెన్ ఎల్‌ఆర్‌యూ (ర్యామ్ నుంచి ఏ పేజీల్ని పంపేయాలో ఎంచే కొత్త పద్ధతి) సంగతి వచ్చే పాఠంలో.

అభ్యాసం: రెండు కెర్నల్స్‌లోనూ, బూట్ అయిన పది నిమిషాలకి, అవే ఫైళ్లు, అవే ట్యాబులు, అదే వరుసలో తెరవండి. ఒక్కోదాంట్లో 300 వరుసల వీఎంస్టాట్ ఫైల్లోకి పంపండి. పక్కనే స్వాప్‌ఆన్ షో, ప్రాక్ కింద ప్రెషర్‌లో మెమరీ ఫైలు (మెమరీ కోసం పనులు ఎంతసేపు ఆగాయో చూపేది) కూడా. అందులో "ఫుల్" వరుసలో ఏవీజీ10 (గత పది సెకన్ల సగటు) సున్నా కాకపోతే, ఆ క్షణంలో మీరేం క్లిక్ చేశారో కాగితం మీద రాయండి. ఫొటోలు వద్దు, ఫైళ్లే పంపండి. మాస్టారూ, మీరు ముందు స్వాప్ ఆన్ చేసుకోండి.