రేసింగ్ స్కూల్‌లో చేరే ముందు అడగాల్సిన ప్రశ్న

కార్ రేసింగ్ నేర్చుకోవాలనుకునే తెలుగువాళ్లకు దగ్గర్లో ఉన్న మంచి ట్రాకుల్లో రెండు: చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ఒకటి, కోయంబత్తూరులో కారి మోటార్ స్పీడ్‌వే. స్కూల్ ఎంచుకునేటప్పుడు ఫీజు కంటే ముందు ఒక్కటే అడగండి: "నేను స్టీరింగ్ పట్టుకుని ట్రాక్ మీద ఉండేది మొత్తం ఎన్ని నిమిషాలు?"

రెండు రోజుల కోర్సు అంటారు. కానీ ఒక్కో కారుకు నలుగురైదుగురు ఉంటే మీ వంతు కోసం ఎదురుచూడటంతోనే సగం రోజు అయిపోతుంది. ప్రతి సెషన్ తర్వాత కోచ్ పక్కన కూర్చోబెట్టుకుని, ఏ మలుపులో బ్రేక్ ముందే వేశారో, ఎక్కడ లైన్ (మలుపులో కారు వేగంగా వెళ్లగలిగే సరైన దారి) తప్పారో చెప్తారా? వీడియో గానీ, వేగం, బ్రేకింగ్ లాంటివి కారులో రికార్డయిన డేటా గానీ చూపిస్తారా? నా దృష్టిలో అసలు చదువు అదే. అది లేని చోట చేరకండి, ఎంత తక్కువ ఫీజైనా సరే.

కారు దెబ్బతింటే ఖర్చు ఎవరిదో, ఎంతవరకో ముందే రాయించుకోండి. పోటీల్లో దిగాలంటే ఎఫ్‌ఎంఎస్‌సీఐ (దేశంలో మోటార్ స్పోర్ట్స్‌ను పర్యవేక్షించే సమాఖ్య) లైసెన్స్ కావాలి కాబట్టి, స్కూల్ ఇచ్చే సర్టిఫికెట్ దానికి చెల్లుతుందో లేదో కూడా కనుక్కోండి.

వీలైతే చేరకముందే ఒక శిక్షణ రోజున వెళ్లి గట్టు మీద నిలబడి చూడండి. ట్రాక్ మీద డ్రైవర్లకు హెచ్చరికలిచ్చే ఫ్లాగుల గురించి ఎంత ఓపిగ్గా చెప్తున్నారో గమనించండి.