కుళాయి కట్టేసే ఉన్నా పంపు తిరుగుతోందా? నేరోబోటులో చిన్న మరమ్మతులు

ఇంగ్లండ్ కాలువల మీద తిరిగే సన్నటి ఇంటిపడవ నేరోబోటు. దాని వెడల్పు 7 అడుగులకు రెండంగుళాలు తక్కువ. మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ ఆ ఇరుకులోనే కాబట్టి ఏ తేడా వచ్చినా ముందు చెవికో ముక్కుకో తెలిసిపోతుంది. అప్పుడే పట్టించుకుంటే చాలా పనులు మన చేతులతోనే అయిపోతాయి.

అర్ధరాత్రి పంపు దానంతటదే తిరుగుతోంది

ట్యాంకు నీళ్లను కుళాయిలకు పంపే పంపు ఇది. పైపుల్లో ఒత్తిడి తగ్గితే తిరుగుతుంది, సరిపడా రాగానే ఆగుతుంది. ఎవరూ నీళ్లు వాడకుండానే తిరిగిందంటే ఎక్కడో కారుతున్నట్టే. పొడి టిష్యూ కాగితం తీసుకుని ప్రతి జాయింటు కిందా అద్ది చూడండి. వేలికి తెలియని తడి కూడా కాగితం మీద మచ్చగా కనిపిస్తుంది. నేనైతే వేడినీళ్ల ట్యాంకు సేఫ్టీ వాల్వు, టాయిలెట్ ఫ్లష్, షవర్, ఈ వరసలో చూస్తాను. మమ్మల్ని రెండు రాత్రులు టెన్షన్ పెట్టింది మాత్రం సింకు కింద ఉన్న ఒక క్లిప్పు. స్క్రూ అర చుట్టు బిగిస్తే సరిపోయింది.

అన్నీ పొడిగానే ఉంటే పంపు లోపలి వాల్వులో నలక చేరి, నీళ్లు వెనక్కి ట్యాంకులోకి జారుతుండొచ్చు. పంపు తల విప్పి కడగాలి. లోపం దొరికేదాకా పడుకునే ముందు పంపు స్విచ్ కట్టేయండి. పైపు పూర్తిగా ఊడితే తెల్లారేసరికి ట్యాంకు నీళ్లన్నీ నేల పలకల కింద ఉంటాయి.

గోడలకు చెమట, పరుపు అడుగున తడి

బోటుకు చిల్లు పడిందేమోనని హడలిపోకండి. వాన పడ్డాక ఒకేచోట గోధుమరంగు మరక కడితే అది కిటికీ నుంచో పైకప్పు నుంచో వచ్చే లీకు. పొద్దున్నే అన్ని కిటికీలూ ఒకేలా చెమర్చితే ఆ నీళ్లు మనవే. మన ఊపిరి, ఆరేసిన బట్టలు, ఉడికే అన్నం ఆవిరి బోటు చల్లటి ఉక్కు గోడలకు తగిలి నీరవుతుంది. గ్యాస్ మండినా ఆవిరి పుడుతుంది. గిన్నె మీద మూత పెట్టండి, వండేటప్పుడు కిటికీ ఓరగా తెరవండి. పరుపు కింద గాలి ఆడేలా కొబ్బరిపీచు చాప పరవండి. మాకు అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఈ చాపే.

చలికి తాళలేక గాలి రంధ్రాలు మాత్రం ఎప్పుడూ మూయకండి. బొగ్గు పొయ్యి నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నివాసం ఉండే బోట్లలో దాని అలారం 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి. అలారం మోగినా, ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చినా ముందు బయటికి వచ్చేయండి. పొయ్యి సంగతి తర్వాత.

గడ్డకట్టే చలిలో గ్యాస్ మంట నీరసం

బండలో ఉన్నది బ్యూటేన్ అయితే సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది. ప్రొపేన్ బండకు మారండి.

ఇంజన్ గది అడుగున నీళ్లు

ప్రొపెల్లర్ ఇరుసు బయటికి వెళ్లే చోట, నీళ్లు లోపలికి రాకుండా ఇరుసు చుట్టూ ఉండే బిగింపు (స్టెర్న్ గ్లాండ్) దగ్గర, ప్రయాణంలో ఒకటీ అరా చుక్క పడటం మామూలే. బోటు కట్టేశాక చుక్క ఆగేదాకా గ్రీజు పిడి తిప్పండి. ఆగకపోతే రెండు నట్లనూ సమానంగా, కొద్దికొద్దిగా బిగించండి. మర్నాడు ఓ గంట నడిపి, ఇంజన్ ఆపాక గ్లాండును చేత్తో తాకండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి కాలితే ఎక్కువ బిగించినట్టు. కాస్త వదులు చేయండి.