పరుగుకు ముందు తినేసోడా తాగాలనుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

పోలీసు కానిస్టేబుల్ ఈవెంట్స్ (పరుగు లాంటి శారీరక పరీక్షలు) దగ్గరపడితే అనంతపురంలో గ్రౌండ్లు తెల్లారకముందే నిండిపోతాయి. అక్కడ చెవిన పడే మాటల్లో ఒకటి: పరుగుకు ముందు తినేసోడా నీళ్లలో కలుపుకుని తాగితే కాళ్లు బరువెక్కవని. ఆ మాట పూర్తిగా ఉత్తది కాదు. ఉత్తదైతే ఇంత చెప్పే పనే లేదు, ఒకసారి తాగి మీరే వదిలేస్తారు.

గట్టిగా పరుగెత్తేటప్పుడు కండరాల్లో ఆమ్లం పేరుకుంటుంది. తినేసోడా అంటే సోడియం బైకార్బొనేట్; దాన్ని తాగి రక్తంలో బైకార్బొనేట్ పెరిగితే ఆ ఆమ్లం కండరంలోంచి తొందరగా బయటికొస్తుంది. ఈ మేలు ముఖ్యంగా అర నిమిషం నుంచి 12 నిమిషాల దాకా సాగే, రొప్పు తెప్పించే పరుగులకే. 1600 మీటర్లు అందులోకే వస్తుంది. పది కిలోమీటర్లు నింపాదిగా పరుగెత్తేవాళ్లు దీని మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. కలిసొచ్చేది కూడా కొద్ది సెకన్లే.

మోతాదు కిలో బరువుకు 0.2 నుంచి 0.3 గ్రాములు. 60 కిలోల మనిషికి 12 నుంచి 18 గ్రాములు. బజ్జీల పిండిలో చిటికెడు వేసేదాన్ని మూడు నాలుగు టీస్పూన్లు తాగాలన్నమాట! చెంచా లెక్క నమ్మకండి, కాటా మీద తూచుకోండి. 18 గ్రాముల సోడాలో సోడియమే దాదాపు 5 గ్రాములుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజు మొత్తానికి చెప్పిన హద్దు 2 గ్రాములు. బీపీ, కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు, గర్భిణులు దీని జోలికే పోవద్దు. రోజూ ఏ మాత్రలైనా వేసుకుంటుంటే ముందు డాక్టర్ను అడగండి.

నా సంగతి చెప్తా. కడుపు నిండా ఉగ్గాని బజ్జీ తిని, 20 గ్రాములు ఒక గ్లాసు నీళ్లలో కలిపి ఒకే గుక్కలో తాగినా. కడుపులోని ఆమ్లం సోడాతో కలిస్తే గ్యాసు పుడుతుంది కదా, పొట్ట తంబూరా మాదిరి ఉబ్బింది. రెండో రౌండు సగంలో ట్రాకు వదిలి కంపచెట్ల వైపు పరుగెత్తినా. ఆ పరుగులో మాత్రం వేగానికి లోటు లేదు.

నవ్వులాట పక్కన పెడితే, నిండు పొట్ట మీద సోడా తాగి జీర్ణాశయం పగిలిన కేసులు వైద్యులు రాసిపెట్టినారు. అరుదే, కానీ ఉన్నాయి. కాబట్టి ఇడ్లీ, అరటిపండు లాంటి తేలిక తిండితో, ఎక్కువ నీళ్లతో, పరుగుకు మూడు గంటల ముందు మొదలుపెట్టి కొంచెం కొంచెంగా తీసుకోండి. మొదటిసారి కిలోకు 0.1 గ్రాముతో, ప్రాక్టీసు రోజున, బాత్‌రూమ్ దగ్గరున్న చోట చూడండి. ఈవెంట్స్ రోజున కొత్తగా తాగొద్దు.

తినేసోడా వేరు, బేకింగ్ పౌడర్ వేరు, బట్టల సోడా వేరు. బట్టల సోడా గొంతును, పేగులను కాల్చేస్తుంది.

ఏప్రిల్, మే ఎండల్లో అసలు వద్దు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీళ్లు పోయి, పైన ఎండ కొడితే వడదెబ్బ తగలడానికి ఎంతోసేపు పట్టదు. మూతి చుట్టూ, వేళ్లలో తిమ్మిర్లు, కండరాలు బిగుసుకోవడం, మాట తికమకపడటం, ఓర్చుకోలేని కడుపునొప్పి కనిపిస్తే పరుగు ఆపి 108కి ఫోన్ చేయండి.

నిషేధిత మందుల జాబితాలో ఇది లేదు, ఆ భయం అక్కర్లేదు. ఇంతకూ ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ పరుగులో మగపిల్లలకు 1600 మీటర్లకు ఇచ్చేది 8 నిమిషాలు. 7.30లో వస్తున్నవాళ్లకు సోడాతో పనేముంది? 8.20 పడుతున్నవాళ్లు వారానికి రెండు రోజులు 400 మీటర్ల రౌండ్లు మధ్యలో ఆగుతూ నాలుగైదు కొట్టండి.