ఆదివారం మ్యాచ్‌లో ఇన్నింగ్స్‌కి టైమ్ లిమిట్ న్యాయంగా ఎలా పెట్టాలి?

హైదరాబాద్ శివార్లలో రెండేళ్ల కిందట మేం ఆడిన ఒక 20 ఓవర్ల మ్యాచ్ నాకు ఇప్పటికీ గుర్తుంది. మాది మొదటి బ్యాటింగ్. 16 ఓవర్లకి రెండే వికెట్లు పడ్డాయి. ఇక కొట్టడమే అనుకుంటున్నప్పుడు నిర్వాహకులు వచ్చి టైమ్ అయిపోయింది, ఇన్నింగ్స్ ఇక్కడితో ఆపేయండి అన్నారు. ఆలస్యం చేసింది బంతి బంతికీ ఫీల్డ్ మార్చుకున్న అవతలి టీమ్. అదేంటని అడిగితే, వాళ్లకి కూడా 16 ఓవర్లే ఇస్తాం కదా, ఇద్దరికీ సమానమే అని సర్ది చెప్పారు. ఓవర్ల లెక్కలో సమానమే. కానీ తమకు 16 ఓవర్లేనని వాళ్లకి మొదటి బంతికే తెలుసు. మాకు 16వ ఓవర్ అయిపోయాక తెలిసింది.

అప్పటి నుంచి మా వీకెండ్ మ్యాచ్‌లకి రూల్స్ రాసే పని నేనే పెట్టుకున్నాను. గ్రౌండ్ గంటల లెక్కన అద్దెకి తీసుకుంటాం, వెనక ఇంకో మ్యాచ్ కాచుకుని ఉంటుంది, కాబట్టి టైమ్ లిమిట్ తప్పదు. అది తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు ఉండకూడదు. ఎవరు ఆలస్యం చేస్తే వాళ్ల ఓవర్లే, వాళ్ల పరుగులే పోవాలి. కింద చెప్పే ప్రతి రూలూ ఆ ఒక్క మాట నుంచి పుట్టిందే.

1. ముందు చివరి నిమిషం నుంచి వెనక్కి లెక్కపెట్టండి

గ్రౌండ్ ఎప్పుడు ఖాళీ చేయాలో అక్కడి నుంచి మొదలుపెట్టండి. స్లాట్ ఉదయం 7:00 నుంచి 10:30 వరకు అనుకుందాం. మొత్తం 210 నిమిషాలు. టాస్‌కి, వికెట్లు పాతడానికి 10, ఇన్నింగ్స్‌కి 90 చొప్పున 180, మధ్యలో విరామం 10. మొత్తం 200. మిగిలిన 10 నిమిషాలని ఎవరికీ పంచకండి, అది అత్యవసరానికి దాచుకున్నది.

మధ్యాహ్నం మ్యాచ్ అయితే స్లాట్ కంటే సూర్యుడే ముందు. హైదరాబాద్‌లో డిసెంబర్ మొదట్లో 5:40కే పొద్దు గుంకుతుంది. సంక్రాంతి టోర్నమెంట్ల రోజుల్లో కూడా 6 గంటల ప్రాంతానికి సూర్యుడు దిగిపోతాడు. లెదర్ బాల్ అయితే అస్తమయానికి కనీసం 15 నిమిషాల ముందే ఆట ముగిసేలా చూసుకోండి. చీకట్లో ఫాస్ట్ బౌలింగ్ ఎదుర్కోవడం ప్రమాదం, అందులో పట్టుదలకి పోవద్దు.

2. ఓవర్‌కి ఎన్ని నిమిషాలో మీ స్కోర్‌బుక్‌ని అడగండి

అంతర్జాతీయ టీ20లో ఇన్నింగ్స్‌కి 85 నిమిషాలు, వన్డేలో మూడున్నర గంటలు. రెండింట్లోనూ ఓవర్‌కి నాలుగుంబావు నిమిషాలకి కాస్త అటూ ఇటూ. అదే లెక్క మనకూ పెడితే ఎక్కువ టీమ్‌లు తప్పుతాయి. మన దగ్గర బౌండరీ బయట బంతి అందించే పిల్లలు ఉండరు, వైడ్లు ఎక్కువ, ఫోర్ వెళ్తే ఫీల్డర్ నడుచుకుంటూ వెళ్లి తెస్తాడు. లెదర్ బాల్‌కి ఓవర్‌కి నాలుగున్నర నిమిషాలు సరిపోతుందని నా అనుభవం. టెన్నిస్ బాల్‌కి, రనప్‌లు చిన్నవి కాబట్టి, నాలుగు చాలు.

నా మాట మీద పెట్టేయకండి. రెండు మూడు మ్యాచ్‌ల్లో ప్రతి ఐదు ఓవర్లకీ స్కోరర్‌ని టైమ్ రాయమనండి. ఎవరూ కావాలని ఆలస్యం చేయని మ్యాచ్‌లో ఎంత పట్టిందో అదే మీ గ్రౌండ్ లెక్క.

3. మొదటి ఇన్నింగ్స్: బ్యాటింగ్ టీమ్ ఓవర్లు ఎప్పటికీ తగ్గించకండి

ఎక్కువ లీగ్‌లు తప్పు చేసేది ఇక్కడే. పెద్ద టోర్నమెంట్లే చేశాయి. 1992 ప్రపంచ కప్ సెమీఫైనల్, మార్చి 22, సిడ్నీ. దక్షిణాఫ్రికా గెలుపుకి 13 బంతుల్లో 22 పరుగులు కావాల్సి ఉండగా వాన వచ్చి, చివరికి ఒక్క బంతికి 22 అని స్కోర్‌బోర్డు మీద కనిపించడం అందరికీ గుర్తుంది. అదే మ్యాచ్‌లో మొదటి ఇన్నింగ్స్‌లో జరిగిన అన్యాయం గురించి ఎవరూ మాట్లాడరు. దక్షిణాఫ్రికా ఓవర్లు నెమ్మదిగా వేయడం వల్ల ఇంగ్లండ్ ఇన్నింగ్స్‌ని 45 ఓవర్లకే ఆపేశారు. 252 పరుగులకి ఆరు వికెట్లే పడ్డాయి, వేగంగా కొట్టాల్సిన చివరి ఐదు ఓవర్లు చేజారాయి. నెమ్మదిగా వేసిన జట్టుకి ఆటలో పడిన శిక్ష తమకి కూడా 45 ఓవర్లే రావడం. అవి 45 అని తెలిసే బ్యాటింగ్‌కి దిగారు.

దీనికి మందు సులువు. మొదటి బ్యాటింగ్ టీమ్‌కి 20 ఓవర్లూ పూర్తిగా ఇవ్వండి. కటాఫ్ టైమ్‌కి, అంటే ఇన్నింగ్స్‌కి ఇచ్చిన 90 నిమిషాలు ముగిసేసరికి, మొదలుకాకుండా ఎన్ని ఓవర్లు మిగిలాయో, అన్ని ఓవర్లు ఫీల్డింగ్ టీమ్ తర్వాత చేసే బ్యాటింగ్‌లోంచి తీసేయండి. టార్గెట్ మాత్రం తగ్గదు.

లెక్క చూడండి. ఆట 7:10కి మొదలైంది, కటాఫ్ 8:40. ఆ నిమిషానికి 17 ఓవర్లు అయ్యాయి, 18వ ఓవర్లో రెండు బంతులు పడ్డాయి. నడుస్తున్న ఓవర్‌ని టైమ్‌లోపు వేసినట్టే లెక్కించాలి. మిగిలినవి రెండు. ఆ రెండూ వేయిస్తారు, ఇన్నింగ్స్ 150 దగ్గర ముగిసింది. ఇప్పుడు రెండో టీమ్ 151 పరుగులు 20 ఓవర్లలో కాదు, 18 ఓవర్లలో కొట్టాలి. కావాల్సిన రన్‌రేట్ 7.55 నుంచి 8.39కి పెరుగుతుంది. మొదటి ఇన్నింగ్స్ పెరిగినంతా రెండో ఇన్నింగ్స్‌లో తగ్గుతుంది కాబట్టి మ్యాచ్ మాత్రం అనుకున్న టైమ్‌కే అయిపోతుంది. ఈ రూల్‌లో నాకు బాగా నచ్చింది అదే.

మొదటి టీమ్ కటాఫ్‌లోపు ఆలౌట్ అయితే ఏ కోతా లేదు. కటాఫ్ దాటాక ఆలౌట్ అయితే, కటాఫ్ తర్వాత మొదలుపెట్టిన ఓవర్లని మాత్రమే తగ్గించండి. వేయని ఓవర్‌కి శిక్ష వేయడం సబబు కాదు.

4. బ్యాటింగ్ టీమ్ చేసే ఆలస్యాన్ని విడిగా రాయండి

పై రూల్ పెట్టగానే కొత్త తెలివి మొదలవుతుంది. మొదట బ్యాటింగ్ చేసే టీమ్ ఓవర్ ఓవర్‌కీ గ్లవ్స్ మార్చడం, పిచ్ మధ్యలో కబుర్లు, కొత్త బ్యాటర్ ప్యాడ్లు కట్టుకుంటూ నింపాదిగా రావడం. ఎందుకంటే అవతలి టీమ్ ఆలస్యమైతే వాళ్ల ఛేజ్‌లో ఓవర్లు తగ్గుతాయి. అందుకే ఫీల్డింగ్ టీమ్ చేతిలో లేని నిమిషాలన్నీ రాసుకుని కటాఫ్‌కి కలపాలి.

కొత్త బ్యాటర్ విషయంలో క్రికెట్ చట్టాలు ఇచ్చే గడువు 3 నిమిషాలు. వన్డేల్లో అది 2 నిమిషాలు. 2023 నవంబర్ 6న ఢిల్లీలో బంగ్లాదేశ్ మీద శ్రీలంక బ్యాటర్ ఏంజెలో మాథ్యూస్ ఆ గడువు దాటి టైమ్డ్ ఔట్ అయ్యాడు, అంతర్జాతీయ క్రికెట్‌లో అదే మొదటిసారి. మన ఆటలో అలా ఔట్ ఇవ్వడం నాకు ఇష్టం ఉండదు, హెల్మెట్ పంచుకుని ఆడేవాళ్లం మనం. 2 నిమిషాలు దాటిన ప్రతి నిమిషాన్నీ ఫీల్డింగ్ టీమ్ ఖాతాలో కలిపితే చాలు. మొండిగా కాలయాపన చేస్తే చట్టాల్లోనే దారి ఉంది: బ్యాటర్లకి ఒక హెచ్చరిక, మళ్లీ చేస్తే ఫీల్డింగ్ టీమ్‌కి 5 పెనాల్టీ పరుగులు.

బంతి పొదల్లోనో, పక్కింటి డాబా మీదో పడితే వెతికిన నిమిషాలు కలపండి. గాయమైతే కలపండి. గ్రౌండ్‌లోకి గేదెలు వచ్చినా కలపండి. దాదాపు అంతే వాడిన ఇంకో బంతిని అంపైర్ జేబులో ఉంచితే వెతుకులాట సగం తగ్గుతుంది. వైడ్లకి, నోబాల్స్‌కి మాత్రం ఒక్క సెకను కూడా ఇవ్వకండి, అవి బౌలర్ చేసినవే. కెప్టెన్ ఫీల్డ్ సెట్ చేసుకున్న టైమ్ కూడా అంతే.

5. రెండో ఇన్నింగ్స్: ఇక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలి

మొదటి ఇన్నింగ్స్‌లో పోయిన టైమ్‌ని రెండో ఇన్నింగ్స్‌లో సర్దొచ్చు. రెండో దాని తర్వాత సర్దడానికి ఏమీ లేదు. స్కోర్ కాపాడుకునే టీమ్ నెమ్మదిగా వేస్తూ పోతే చీకటి పడుతుంది, ఛేజ్ చేసేవాళ్ల ఓవర్లు గాలిలో కలిసిపోతాయి. కాబట్టి శిక్ష పరుగుల్లో ఉండాలి, అది ఆట నడుస్తుండగానే పడాలి.

2003లో ఇంగ్లండ్‌లో ట్వంటీ20 పుట్టిన తొలి రోజుల్లో 75 నిమిషాల్లోపు చివరి ఓవర్ మొదలుకాకపోతే, ఆ తర్వాత వేసే ప్రతి ఓవర్‌కీ బ్యాటింగ్ టీమ్‌కి 6 పరుగులు ఇచ్చేవారు. మనకి ఇది చక్కగా సరిపోతుంది. కటాఫ్ నిమిషానికి మొదలుకాని ఓవర్లు ఎన్నో చూసి, ఓవర్‌కి 6 చొప్పున స్కోర్‌బోర్డులో అప్పుడే కలిపేయండి, మిగిలిన ఓవర్లు కూడా వేయించండి. మొదటి ఇన్నింగ్స్‌లో ఓవర్ పోగొట్టుకున్న టీమ్‌కి జరిగే నష్టమూ ఇంచుమించు ఇంతే, కాబట్టి రెండు శిక్షలూ తూగుతాయి. రెండో టీమ్ 18 ఓవర్లే ఆడుతుంటే కటాఫ్ కూడా 81 నిమిషాలకి తగ్గుతుందని మర్చిపోకండి.

వెలుతురు పోయి మిగిలిన ఓవర్లు వేయడమే కుదరకపోతే? దాచుకున్న 10 నిమిషాలు ఉన్నాయి కాబట్టి ఇది అరుదు. వస్తే మాత్రం 6 పరుగులు చాలవు, ఎందుకంటే చివరి ఓవర్లలో పరుగులు వేగంగా వస్తాయి. అప్పుడు 6కి బదులు, వేయని ఒక్కో ఓవర్‌కి మొదటి ఇన్నింగ్స్ రన్‌రేట్‌కి ఒకటిన్నర రెట్లు ఇవ్వమంటాను. 150 కొట్టిన మ్యాచ్‌లో అది ఓవర్‌కి 11 పైచిలుకు. ఈ అంకె ఏ చట్టంలోనూ లేదు, నేను పెట్టుకున్నది. నెమ్మదిగా వేసి గెలవడం కంటే త్వరగా వేసి గెలవడమే తేలిక అని కెప్టెన్‌కి అనిపించాలి, అందుకు ఎంత కావాలో అంత.

శిక్ష దాకా రాకుండా ఆపే ఉపాయం ఒకటుంది. 2022 జనవరి నుంచి అంతర్జాతీయ టీ20ల్లో, టైమ్‌కి చివరి ఓవర్ మొదలుపెట్టలేని టీమ్ ఆ తర్వాత పిచ్ చుట్టూ గీసే 30 గజాల వలయం బయట ఒక ఫీల్డర్‌ని తగ్గించుకోవాలి. సున్నంతో వలయం గీసుకునే ఓపిక ఉంటే మీరూ దీన్ని 15వ ఓవర్ దగ్గర పెట్టండి: అప్పటికి ఐదు నిమిషాలకి మించి వెనకబడి ఉంటే, మళ్లీ లెక్కలోకి వచ్చే దాకా బయట ఒకడు తక్కువ. బౌండరీలు పోతుంటే కెప్టెన్లు ఎంత చురుగ్గా మారతారో చూస్తారు. ఓవర్ల మధ్య 60 సెకన్ల స్టాప్ క్లాక్ అంతర్జాతీయ క్రికెట్‌లో ఉంది గానీ, మన దగ్గర దాన్ని పట్టుకుని కూర్చునే మనిషి దొరకడు, వదిలేయండి.

6. గడియారం ఎవరి చేతిలో?

లోకల్ మ్యాచ్‌లో అంపైర్, స్కోరర్ ఇద్దరూ చాలాసార్లు బ్యాటింగ్ టీమ్ వాళ్లే. అలాంటప్పుడు వాళ్ల ఫోన్ చూసి టైమ్ అయిపోయిందంటే ఎవరూ ఒప్పుకోరు, గొడవ ఖాయం. టాస్ దగ్గరే ఒక ఫోన్ టైమ్‌ని అసలు టైమ్‌గా ఇద్దరు కెప్టెన్లూ ఒప్పుకోవాలి. స్కోరర్ పక్కన ఫీల్డింగ్ టీమ్ పన్నెండో ఆటగాడు కూర్చోవాలి. కలిపిన నిమిషాలన్నీ ఒకే కాగితం మీద, కారణంతో సహా రాయాలి: "8వ ఓవర్, బంతి వెతుకులాట, 3 నిమిషాలు" అని. విరామంలో ఇద్దరు కెప్టెన్లూ దాని మీద సంతకం పెట్టాలి. ఆ తర్వాత వాదన లేదు.

90 నిమిషాల ఇన్నింగ్స్‌కి 5 ఓవర్లు 22 నిమిషాల్లో, 10 ఓవర్లు 45లో, 15 ఓవర్లు 67లో పూర్తవ్వాలి. ఈ మూడు చోట్లా అంపైర్ ఫీల్డింగ్ కెప్టెన్‌కి గట్టిగా చెప్పాలి: "అన్నా, నాలుగు నిమిషాలు వెనకబడ్డారు." చెప్పకుండా చివర్లో శిక్ష వేస్తే అదీ అన్యాయమే. ఏదైనా ఒక దగ్గర చెప్పడం మర్చిపోతే ఆ ఇన్నింగ్స్‌లో ఒక ఓవర్ శిక్ష మాఫీ అని మేం రాసుకున్నాం. దాంతో అంపైర్లు మర్చిపోవడం మానేశారు.

7. ఆలస్యంగా వచ్చే టీమ్, వాన

ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం అని అరగంట తర్వాత వచ్చే టీమ్ ప్రతి లీగ్‌లోనూ ఉంటుంది. టాస్ టైమ్‌కి కనీసం ఏడుగురు లేకపోతే టాస్ అవతలివాళ్లదే. ఆ తర్వాత పోయిన ప్రతి నాలుగున్నర నిమిషాలకీ వాళ్ల బ్యాటింగ్‌లో ఒక ఓవర్ తగ్గించండి. టైమ్‌కి వచ్చిన టీమ్ ఓవర్లని ముట్టుకోవద్దు.

వాన, మంచు, ముందు మ్యాచ్ ఆలస్యం కావడం ఎవరి తప్పూ కావు. వాటికి మాత్రం ఇద్దరికీ సమానంగా తగ్గించండి, కుదిరితే టాస్‌కి ముందే. ఛేజ్ మధ్యలో వాన వచ్చి ఆట ఆగిపోతే రన్‌రేట్ పోల్చి తేల్చేయొచ్చు, రెండో టీమ్ కనీసం 5 ఓవర్లు ఆడి ఉండాలి.

8. ఒక్క పేజీలో రాసి, టాస్ దగ్గర చదవండి

రూల్స్ వాట్సాప్ గ్రూప్‌లో పెడితే ఎవరూ చదవరు. ఈ నాలుగు ముక్కలు టాస్ దగ్గర బయటికి చదవండి: ఇన్నింగ్స్‌కి 90 నిమిషాలు. మొదట ఫీల్డింగ్ చేసేవాళ్లు ఆలస్యం చేస్తే వాళ్ల బ్యాటింగ్‌లో అన్ని ఓవర్లు పోతాయి. తర్వాత ఫీల్డింగ్ చేసేవాళ్లు ఆలస్యం చేస్తే ఓవర్‌కి 6 పరుగులు పోతాయి. బ్యాటింగ్ వాళ్లు చేసిన ఆలస్యం ఫీల్డింగ్ వాళ్లకి టైమ్‌గా కలుస్తుంది.

మొదటి రెండు వారాలు శిక్షలు వేయకుండా లెక్కలు మాత్రం రాయండి, ఏ టీమ్‌కి ఎంత పడేదో మ్యాచ్ అయ్యాక చెప్పండి. అందరికీ పడుతుంటే మీ నిమిషాలు తక్కువ పెట్టారని అర్థం, ఓవర్‌కి పావు నిమిషం పెంచి మూడో వారం నుంచి అమలు చేయండి.